తొడదాకా పెరిగిన సింహం

రామలక్ష్మమ్మను చంపింది ఆమె సొంత అన్న. కత్తి పట్టలేదు, విషం పెట్టలేదు. తన ఇంట్లో జబ్బుపడి ఉంటే ఆసుపత్రికి తీసుకుపోకుండా చంపాడు. ఇది ఏ కోర్టులోనూ రుజువు కాలేదు, కాబోదు కూడా. అయినా మద్దిలేటికి ఇది పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత నిజం. ఆమె అతని భార్య.

ఆ అన్న పేరు శేషయ్య. ఆళ్లగడ్డ పోలీసు స్టేషనుకు ఎస్సై. భార్యను మట్టి చేసిన నాటి నుంచి మద్దిలేటి ఆళ్లగడ్డ బస్సెక్కలేదు. రెండేళ్ళు గడిచాక, 1956 మాఘమాసంలో, ఎక్కక తప్పలేదు.

మద్దిలేటిది గడివేముల పక్కన పల్లె. వీధిబడి చదువు. నంద్యాల వకీళ్ళకు క్రిమినల్ కేసుల్లో కూపీ తీసిపెట్టడం అతని బతుకుతెరువు. ముందురోజు సాయంత్రం వకీలు పిలిపించి కేసు సంగతి చెప్పాడు. ఆళ్లగడ్డలో కంబగిరాచారి అనే పేరున్న శిల్పి కాలికి ఎర్రవాపు వచ్చి చనిపోయాడు. ఆయనకు అక్కి అనుకొని శివమ్మ అనే కుమ్మరి ముసలామె ఎర్రమన్నుతో సింహం బొమ్మ రాసింది. అక్కి లేచినచోట కుమ్మరి చేత సింహం రాయిస్తే ఆ సింహం అక్కిని తినేస్తుందని జనం నమ్మకం. ఆ ఎర్రమన్నులో విషం కలిపిందని శేషయ్య శివమ్మను పట్టి లాకప్‌లో వేశాడు. మరునాటి సాయంత్రం బస్సులో నంద్యాల మేజిస్ట్రేటు ముందుకు తెస్తాడు. అక్కడి నుంచి జైలు. విషం ఉందో లేదో మద్రాసు నుంచి రిపోర్టు రావాలి, దానికి నెలలు పడుతుంది. అన్నాళ్ళు జైల్లో ఉంటే ఆ ముసలి ప్రాణం తిరిగి ఇంటికి రాదు.

“రేపు సాయంత్రం లోపల ఆమె కాదని తేల్చాల. ఆ తరవాత తేల్చినా లాభంలేదు,” అన్నాడు వకీలు.

బస్సెక్కే ముందు మద్దిలేటి ఆసుపత్రిలో శవాన్ని కోసిన డాక్టరు అబ్రహామును కలిశాడు. విషం సంగతి తాను చెప్పలేనన్నాడు డాక్టరు. కానీ ఎర్రమన్ను కడిగించి చూస్తే కాలు మడమ నుంచి గజ్జ దాకా ఉబ్బి, ఎర్రబడి, మధ్యమధ్య నల్లబారి ఉందట. గజ్జలో నిమ్మకాయంత బిళ్ళ కట్టిందట. కడగడం మాత్రం చాలా కష్టమైందట. మోకాటి కింద మన్ను నీళ్ళకే పోయింది గానీ, పైన ఉన్నది ఎంత రుద్దినా పోలేదట.

ఆ చివరిమాట మద్దిలేటి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

*

స్టేషను గుమ్మంలోనే శేషయ్య ఎదురుపడ్డాడు. ఆరడుగుల మనిషి. కిర్రుబూట్లు.

“రా బావా,” అన్నాడు.

“ముద్దాయితో మాట్లాడల్ల ఎస్సై గారూ. వకీలు కాయితం తెచ్చినా.”

శేషయ్య నవ్వబోయి మానుకున్నాడు. కాగితం చూడకుండానే కానిస్టేబులు శాంతయ్యకు సైగ చేశాడు.

శివమ్మ కటకటాల వెనక గోడకు ఆనుకొని కూర్చుంది. అరవై దాటిన మనిషి. వేళ్ళు మట్టికి పగిలి ఉన్నాయి గానీ నోరు మాత్రం పదునుగానే ఉంది. నువ్వు గూడా నా మన్నులో ఇసం యాడుందని అడగనీకి వచ్చినావా అప్పా అంది. కావాలంటే ఆ చట్టి తెప్పించు, నీ ముందర్నే నాకి చూపిస్తా అంది.

“ఎన్నిసార్లు రాసినావు?” అని అడిగాడు మద్దిలేటి.

ఒక్కసారేనంది. మోకాటి కింద, జానెడు సింహం. మరునాడు మళ్ళీ రాయాలని పోతే ఆచారి మేనల్లుడు నాగలింగం వాకిట్లోనే నిలబెట్టి, తగ్గిపోయింది అవ్వా, ఇంక నువ్వు రానక్కర్లేదని పంపేశాడు.

“కాలి మీద నీళ్ళపొక్కులుండెనా?”

“లేవు.”

“గుత్తులు గుత్తులుగా, ముత్యాలు పోసినట్ల లేదా?”

“లేవంటి గదప్పా. ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతాండె. చెయ్యి పెడితే పొయ్యి మీద పెనం మాదిరి కాలుతాండె. చలి చలి అని వణుకుతాండె ఆయప్ప.”

“పొక్కు లేకుంటే అక్కి అని ఎట్లంటివి?”

“మంట అనె. ఎర్రగుండె. మా అత్త రాసె, నేను రాస్తి.”

మద్దిలేటి పళ్ళు కొరికాడు. ఈమెను విడిపించడానికి వచ్చాడు. ఈమె మీద కూడా కోపం ఆగలేదు.

“నువ్వు చంపలేదు. అట్లని కాపాడిందీ లేదు. ఇది అక్కి కాదు, ఆసుపత్రికి పొండి అని ఒక్కమాట అనింటే ఆ మనిషి బతికుండు.”

ముసలామె కటకటాల దగ్గరికి జరిగింది.

“ఆ మాట నాకెవురన్నా చెప్పినారా అప్పా?” అంది.

మద్దిలేటి లేచాడు.

శేషయ్య బల్ల మీద శివమ్మ దగ్గర పట్టుకున్న ఎర్రమన్ను చట్టి ఉంది. మద్దిలేటి తుండుగుడ్డ కొస తడిపి చట్టిలో అద్దాడు, బయటికి తెచ్చి నీళ్ళలో పిండాడు. గుడ్డ తెల్లగా వచ్చింది.

“ఏందది?” అన్నాడు శేషయ్య.

“మన్ను.”

“మన్నే. ఆ మన్ను రాయించుకొని సచ్చిన మనిషి ఈయప్ప ఒక్కడే కాదు. రెండేండ్ల కిందట నా చెల్లెలికి మొదుట రాసింది గూడా ఇదే ముసల్ది. మర్సిపోతివా?”

శాంతయ్య తల దించుకొని బయటికి పోయాడు. మద్దిలేటి తుండుగుడ్డ మడిచి భుజాన వేసుకున్నాడు.

“మర్సిపోలేదు. నీకు కావల్సింది హంతకురాలు కాదు ఎస్సై. నీ తప్పు మోసే మనిషి. ఈమె మన్నులో ఇసం ఉందని తేలితే రామలక్ష్మి గూడా ఇసంతోనే పోయిందని ఊరంతా చెప్పుకోవచ్చు. నువ్వు రాత్రిపూట నిద్రపోవచ్చు.”

“నోరు అదుపులో పెట్టుకో. అక్కి వచ్చింది, అక్కి రాయించినా. అందరూ చేసేదే నేను చేసినా.”

“అక్కి నడుముకు ఒక పక్కనే వస్తాది. వెన్నుపూస దాటి రెండో పక్కకు పోదు. రామలక్ష్మికి వీపంతా వాచిందని కడగా నీళ్ళు పోసినోళ్ళు చెప్పిరి. అక్కికి నీళ్ళపొక్కులుంటాయి. ఆమెకు ఒక్కటి లేదు.”

“నీకు ఈ పుండ్ల పురాణం ఎప్పుటి నుంచి వచ్చింది?”

“ఆమెను పూడ్చినాక.”

అది అబద్ధం కాదు. భార్య పోయాక కొన్నాళ్ళు మద్దిలేటి నంద్యాల ఆసుపత్రి వసారాలో ఊరికే కూర్చునేవాడు. వచ్చేవాళ్ళ పుండ్లు చూసేవాడు. అబ్రహాము మొదట విసుక్కున్నాడు. తరవాత ఒక్కొక్క రోగిని చూపించి చెప్పడం మొదలుపెట్టాడు. పిల్లల మూతి మీద తేనె ఎండినట్లు పసుపు పెచ్చు కట్టేది ఒకటి. పక్కపిల్లకు అంటుతుందే గానీ ప్రాణం తీయడం అరుదు. సెగగడ్డకు ముక్కు ఉంటుంది, పండుతుంది, పగిలితే దిగుతుంది. రాచపుండు నాలుగైదు సెగగడ్డలు కింద కలిసిపోయి జల్లెడలా నోళ్ళు తెరుస్తుంది, తీపిమూత్రం ఉన్నవాళ్ళ మెడ మీద, వీపు మీద. వీటన్నింటిలోనూ చీము కళ్ళకు కనిపిస్తుంది. కనిపించేదానికి భయపడి జనం ఎక్కడికో ఒకచోటికి పరిగెత్తుతారు. ఈ ఎర్రవాపు వేరే జాతి. ముక్కు లేదు, చీము లేదు. చిన్న గీరు చాలు దానికి లోపలికి పోవడానికి. చలిజ్వరం పెట్టి, చర్మం మెరుస్తూ ఉబ్బి, ఎరుపు అంచు చేను గట్టులా లేస్తుంది. ఆ గట్టు పొద్దునొక చోట ఉంటే సాయంత్రానికి ఇంకోచోట ఉంటుంది. పెన్సిలిన్ సూది త్వరగా పడితే ఆగుతుంది. ఆలస్యమైతే నెత్తురులోకి పోతుంది.

డాక్టరు దానికి ఇంగ్లీషు పేరు చెప్పాడు. మద్దిలేటి పేరు మరిచిపోయాడు. గట్టును మరిచిపోలేదు.

*

కంబగిరాచారి ఇంట్లో అతని భార్య ఉమామహేశ్వరమ్మ లోగదిలో మూలకు కూర్చొని ఉంది. కొత్తగా ముండమోసిన మనిషిని పరాయి మగవాడు చూడరాదని వాకిట్లో ఆడవాళ్ళు అడ్డం వచ్చారు. గుమ్మం బయటే కూర్చుంటాను, మాట వినబడితే చాలన్నాడు మద్దిలేటి. ఆమె తలుపు వెనక నుంచి చెప్పింది.

ఆచారికి పనిలో రాతిపెళ్ళ ఎగిరి ముంగాలికి గీసుకుంది. రెండు దినాలకు చలిజ్వరం వచ్చింది, కాలు ఎర్రబడింది. నంద్యాలకు పోదామని ఆమె అంది. ఆచారి కూడా సరేనన్నాడు. నాగలింగమే, అది అక్కి అత్తా, ఆసుపత్రిలో సూది గుచ్చితే లోపలికి తిరుగుతుంది, సింహం రాయిద్దామని శివమ్మను పిలుచుకొచ్చాడు.

“మల్లా?”

“మల్లా ప్రతి తెల్లారుజామునా శివమ్మే వచ్చి రాసిపోతాందనె. రాసేటప్పుడు ఇంట్లో ఆడోళ్ళు చూడకూడదని తలుపేస్తాండె.”

“శివమ్మను నువ్వు కండ్లారా చూస్తివా?”

లేదంది. మొదటినాడు తప్ప చూడలేదంది. తరవాత ఆమె ఏడుపు ఆపి, తనకే కొత్తగా తోచినట్లు, మెల్లగా అంది:

“సింహం పెరుగుతాండె నాయనా. మొదుట జానెడే. మరుసట్నాడు తల మోకాటి మీదికొచ్చె. ఆ మరుసట్నాడు తొడదాకా పాకె. సింహం పెరుగుతాంది, అక్కిని తింటాంది, ఇంక తగ్గిపోతాదని మేమంతా మొక్కుతాంటిమి.”

వాకిట్లో ఆడవాళ్ళు చేతులు జోడించారు. మద్దిలేటికి ఒళ్ళు మండింది. సింహం అక్కిని తినలేదు. ఎరుపు ఎంత పాకితే దాని మీద ఎవరో అంత ఎర్రమన్ను కప్పుతూ పోయారు. ఎరుపు మీద ఎరుపు. కాలు చూసినవాడికి బొమ్మ కనిపిస్తుంది, రోగం కనిపించదు. తొడదాకా పాకిన మంటను ఉత్త చర్మం మీద చూసి ఉంటే ఈ ఇంట్లో ఎంత మొండివాడైనా బండి కట్టి ఉండేవాడు.

ఆయన పండుకున్న దుప్పటి ఎక్కడని అడిగాడు. చాకలి ఇంకా రాలేదు. పెరట్లో, మంచం పక్కన ముడిచిపెట్టి ఉంది. మద్దిలేటి దాన్ని ఎండలో పరిచాడు.

జ్వరంలో దొర్లిన మనిషి తొడ గుడ్డకు అంటుకొని బొమ్మ తిరగబడి అచ్చుపడింది. సింహం జూలు. మద్దిలేటి వంగి చూశాడు. కుమ్మరి రాసే జూలు అతనికి తెలుసు. వేలితో కొట్టిన నాలుగు గీతలు. ఈ జూలు అట్లా లేదు. ఒక్కొక్క వెంట్రుక చుట్ట తిరిగి, చుట్టలో చుట్ట ఇమిడి, గుడి స్తంభం మీది సింహానికి ఉన్నట్లు ఉంది. చెయ్యి తిరిగినవాడు, ప్రాణం పోతున్న మనిషి తొడ మీద కూడా వంకర గీత గీయలేకపోయాడు.

అచ్చు మీద నీళ్ళు పోశాడు. నీళ్ళు బొట్లుబొట్లుగా జారిపోయాయి. రుద్దాడు. పోలేదు. వాసన చూశాడు. అవిసె నూనె.

రాయి చెక్కే ముందు శిల్పులు గీతలు గీసుకుంటారు. చెక్కేటప్పుడు నీళ్ళు చల్లుతారు కాబట్టి నీళ్ళకు పోకుండా ఎర్రమన్నును నూనెలో నూరుకుంటారు. కుమ్మరి ఇంట్లో ఆ అవసరం లేదు.

*

పనిపాక ఇంటి పక్కనే. నలుగురు కూలీలు బండకు నునుపు పెడుతున్నారు. నాగలింగం ఎక్కడని అడిగితే గడ్డం ఎత్తి చూపారు. ఎండలో, గొంగడి కప్పుకొని, పగిలిన నంది బొమ్మకు ఆనుకొని కూర్చున్నాడు. పాతికేళ్ళవాడు. కుడిచేతికి అరచేతి నుంచి మోచేతి దాకా గుడ్డ చుట్టి ఉంది.

పాకలో పెద్ద విగ్రహం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. అమ్మవారి విగ్రహం, బండి మీద పోయిందని కూలీలు చెప్పారు. పనంతా నాగలింగానిదే, ఏడాది పని. కళ్ళు తెరిచేది మాత్రం పెద్ద ఆచారి. ఎవరు చెక్కినా చివరికి కంటిపాప గీసినవాడిదే ఆ విగ్రహం అని ఈ పనిలో లెక్క. ఈసారి పెద్దాయన మంచం పట్టాడు కాబట్టి ముహూర్తానికి మేనల్లుడే ఉలి పట్టి కళ్ళు తెరిచాడు. మరునాడే పెద్దాయన కన్నుమూశాడు.

మద్దిలేటికి ఇంక అడగవలసింది ఎక్కువ మిగల్లేదు.

“చేతికి ఏమాయ?” అన్నాడు.

“సెగగడ్డ.”

“ముక్కు యాడుంది?”

నాగలింగం చెయ్యి గొంగడిలోకి లాక్కున్నాడు. మద్దిలేటి అతని చెయ్యి లాగి గుడ్డ విప్పాడు. వాడు పళ్ళ మధ్య నుంచి మూలిగాడు. బొటనవేలి పక్కన ఉలి గీసుకున్న పాత గాటు. అక్కడి నుంచి ముంజేయి సగం దాకా ఎరుపు. ముక్కు లేదు, చీము లేదు. అంచు గట్టులా వేలికి తగిలింది. గట్టు దాటి సన్నని ఎర్రగీత ఒకటి మోచేతి మడత మీదుగా పైకి పాకింది. చంకలో బిళ్ళ. గాటు పడిన చేత్తోనే మేనమామ కాలు తడిమి బొమ్మ రాసినవాడు ఆ కాలిలో ఉన్నది తన చేతిలోకి తెచ్చుకున్నాడు.

మద్దిలేటి పొయ్యిలోంచి బొగ్గు తీసి ఎరుపు అంచు చుట్టూ గీత గీశాడు.

“ఈ గీత దాటిందంటే నువ్వు మీ మామ పోయిన దోవనే పోతాండావని. చూస్తా కూచో.”

కూలీ ఒకణ్ణి స్టేషనుకు పంపాడు. శేషయ్య వచ్చేసరికి ఎరుపు బొగ్గుగీతను బియ్యపుగింజంత దాటింది. నాగలింగం దాని మీద నుంచి కళ్ళు తిప్పడం లేదు.

మద్దిలేటి దుప్పటి చూపాడు, పాకలో ఉన్న నూనెమన్ను చూపాడు, శివమ్మ చట్టి సంగతి చెప్పాడు. కడప నుంచి వచ్చే బస్సు ఇప్పుడే ఉంది, వీణ్ణి అందులో నంద్యాలకు చేర్చాలన్నాడు.

శేషయ్య ఆ చెయ్యి చూశాడు. తరవాత నాగలింగం ముఖం చూశాడు. వాడు ఎస్సైని చూసి గొంగడి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

“ఇది సెగగడ్డే,” అన్నాడు శేషయ్య. “ఆకు కడితే పోతాది. మొదుట స్టేషనుకు నడిపించు. వాంగ్మూలం రాసుకొని, రేపు చూద్దాం.”

“రేపుటికి చచ్చిపోతాడు.”

“నువ్వు డాక్టరువా?”

“సచ్చినోడు సాక్ష్యం చెప్పడు ఎస్సై. వీడు పోతే ముసలామె ఉరికంబమెక్కుతాది. నీకు అదేనా కావల్సింది?”

“నా స్టేషను, నా కేసు. నువ్వు పక్కకు జరుగు.”

రెండేళ్ళ కింద కూడా ఈ మనిషి ఇదే గొంతుతో రేపు చూద్దామని అని ఉంటాడు. మద్దిలేటి నాగలింగం చంక కింద చెయ్యి వేసి లేపాడు. శేషయ్య లాఠీ అడ్డం పెట్టాడు. మద్దిలేటి లాఠీని పట్టుకున్నాడు, తొయ్యలేదు, వదల్లేదు.

“కొట్టు. నలుగురు చూస్తాండారు. రోగాన పడినోన్ని ఆసుపత్రికి పోనీకుండా ఎస్సై అడ్డం పడెనని రేపు వీండ్లే కోర్టులో చెప్తారు. ఒగసారి నీ ఇంట్లో చేస్తివి, అడిగే దిక్కు లేకపాయ. ఇది వీధి.”

కూలీలు పని ఆపి చూస్తున్నారు. లాఠీ మెల్లగా కిందికి దిగింది. మద్దిలేటి వాణ్ణి దారి దాకా ఈడ్చుకుపోయి బస్సుకు ఎదురు నిలబడ్డాడు.

శివమ్మను కూడా ఆ బస్సులోనే ఎక్కించారు. శేషయ్య వెనకసీటులో కూర్చున్నాడు. ముసలామె బేడీల చేతులతోనే శాంతయ్య చెంబు లాక్కొని నాగలింగానికి నీళ్ళు తాగించింది. “తాగు సామీ. తాగి నిజం చెప్పు. అంతకన్నా నీకు నేను పెట్టేది లేదు,” అంది.

*

అబ్రహాము గీత చూశాడు, చంక తడిమాడు, ఎవర్నీ ఏమీ అడక్కుండా పెన్సిలిన్ పొడిచాడు. సమయానికే తెచ్చారా అని అడిగితే, రేపు పొద్దునకు తెలుస్తుందన్నాడు.

నాగలింగానికి ఆ మాట చాలింది. మంచం మీద పడుకొని, పైకప్పు చూస్తూ, ఎవరూ అడక్కముందే చెప్పసాగాడు. డాక్టరు తెల్లకాగితం తీసి రాసుకున్నాడు. శేషయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

కళ్ళు నువ్వే తెరువు అని మేనమామ మొదట మాటిచ్చాడు. పని అయ్యాక మాట తప్పాడు. కాలికి గీసుకుని జ్వరం వచ్చినప్పుడు, ముహూర్తం దాటేదాకా ఆయన మంచం మీద ఉంటే చాలనుకున్నాడు నాగలింగం. ఆసుపత్రికి పోతే సూదితో లేచి వస్తాడు. అందుకని శివమ్మను ఒకనాటితో పంపేసి తానే రాశాడు. రోజూ పెంచి రాశాడు. ముహూర్తం అయిపోగానే మరునాటి బస్సులో తీసుకుపోదామనుకున్నాడు.

“మరునాటికి పోయినాడు,” అన్నాడు మద్దిలేటి.

“పోయినాడు.”

“చంపుతాదని తెలీదంటావా?”

నాగలింగం తల ఇటు తిప్పాడు. జ్వరానికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“తెలుసన్నా. ఒగసారి చూసింటి. అందుకే ఈపొద్దు ఎస్సై సారును చూసి భయపడితి. నేను సచ్చేదాకా స్టేషన్లోనే పెట్టుకుంటాడనుకుంటి.”

“యాడ చూసింటివి?”

“మీ ఇంటామెను. ఎస్సై సారే పిలిపించె. శివమ్మ రాసింది చెమటకు పోతాంది, నీ నూనెమన్నుతో రాయమనె. ఎరుపు వీపంతా పాకిండె. అక్క నంద్యాలకు తీసకపొండి అని ఏడుస్తాండె. రేపు మా బావ వస్తాడు, ఈ ఎరుపు చూస్తే ఆసుపత్రి బల్ల మీద మొగోళ్ళ ముందర పండబెడతాడు, మా వంశానికే తలవంపులు, ఎరుపు కనపడకుండా రాయి అనె. రాసినా. మీరొచ్చి చూసినారు. బొమ్మ సక్కగా ఉందనుకొని బయటికొచ్చి కూచుంటిరి.”

డాక్టరు కలం ఆగింది.

మద్దిలేటికి ఆమె గుర్తుకొచ్చింది. పడుకున్న చోటు నుంచి చెయ్యి చాపి ఏదో చెప్పబోయింది. ఆమె అన్న దుప్పటి పైకి లాగి, నిద్రపోనీ బావా, తగ్గుతాంది అన్నాడు.

“ఇది గూడా రాయాల్నా?” అని అడిగాడు అబ్రహాము చిన్నగా.

“వాడు చెప్పిందంతా రాయండి. ఒక్కమాట విడవొద్దు. కింద వేలిముద్ర వేయించుకోండి.”

శేషయ్య బయటికి పోయి శాంతయ్యతో బేడీలు తియ్యమన్నాడు. మేజిస్ట్రేటుకు ఈమె మీద కేసు లేదని తానే చెప్తానన్నాడు. శివమ్మ మణికట్లు రుద్దుకుంటూ లేచింది. ఎవరికీ దండం పెట్టలేదు. మద్దిలేటి పక్కన ఒక్కక్షణం ఆగింది.

“అది అక్కి కాదా అయితే?” అంది.

“కాదు.”

“పొక్కులుంటేనే అక్కి.”

“పొక్కులుంటేనే. ఎర్రగా ఉబ్బి, చలిజ్వరం వచ్చి, ఎరుపు పాకుతాంటే బస్సెక్కమని చెప్పు. సింహం రాయద్దు.”

ఆమె తల ఊపి మెట్లు దిగిపోయింది.

వసారాలో శేషయ్య, మద్దిలేటి మిగిలారు. ఆ కాగితం మీద డాక్టరు సంతకం పడిన తరవాత ఎస్సై కొలువు ఎన్నాళ్ళో ఇద్దరికీ తెలుసు. శేషయ్య టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. వాటిని చూసి మద్దిలేటికి జాలి రాలేదు. అసహ్యం వేసింది.

“బావా, ఆపొద్దు నేను ఏమనుకుంటినంటే...”

“ఆపు.”

“ఒక్కమాట విను. నా చెల్లెలు బావా అది. రామలక్ష్మి నాకు...”

“ఆ పేరెత్తద్దు. నీ మాట కోర్టులో చెప్పుకో. నేను విననీకి లేను. ఈ సంగతి నా నోట ఇదే కడసారి. నీ ముందరే కాదు, ఎవురి ముందరా ఇంక ఎప్పుటికీ ఎత్తను.”

అతను చెప్పులు వేసుకొని బజారులోకి నడిచాడు.